గుయ్యి, జుయ్యి, హోరు: వాల్వు యాంప్లిఫయర్ చేసే సద్దుకు ఏ మాట?

కర్నూలు నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా చర్చి కొయిర్‌లో గిటార్ వాయిస్తాను. నా దగ్గర రెండు ఇఎల్84 వాల్వులు (సిగ్నలును పెంచే గాజు గొట్టాలు) ఉండే పాత గిటార్ యాంప్లిఫయర్ ఉంది. ఈమధ్య స్విచ్చేసి వాల్వులు వేడెక్కగానే ఏదో సద్దు మొదలవుతాంది. రిపేరు చేసే ఆయనకు ఫోన్ చేసి "నాయిస్ వస్తాంది సార్" అంటే "ఎట్లాంటి నాయిస్? హమ్మా, హిస్సా, క్రాకిలా?" అని అడిగినారు. నాకు తేడా తెలియలేదు. వీటికి మనం రోజూ వాడే మాటలు ఏమున్నాయి? చెప్పగానే ఎదుటి మనిషికి ఆ సద్దు వినపడాల.

కడప నుంచి:

మాటలకు కరువు లేదు బాబూ. తెలుగు చెప్పేదాన్ని కాబట్టి రెండు గుర్తులు చెప్తాను. ఒకటి, మాట రూపం. "టప్పుమంది" అంటే ఒక్కసారి వచ్చి ఆగింది. "టపటప" అంటే ఆగి ఆగి మళ్లీ మళ్లీ వస్తాంది. "గుయ్యిమంటాంది" అంటే తెగకుండా సాగుతాంది. రెండోది, మొదటి అక్షరం. గ, బ, డ లతో మొదలయ్యేవి ఎక్కువగా బరువైన సద్దులు, చ, స, కి లతో మొదలయ్యేవి సన్నవి. గుడుగుడుకూ కిచకిచకూ తేడా చిన్నపిల్లలకూ తెలుసు. కాబట్టి "నాయిస్" అన్నదానికి ఒకే తెలుగు మాట వెతకొద్దు. రొద వేరు, హోరు వేరు, మోత వేరు. మైకు సెట్ల పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఏ మాటకు ఏ జబ్బో రాయండి.

అనంతపురం నుంచి:

మేడమ్ చెప్పిన రెండు గుర్తులూ మా పనికి సరిగ్గా సరిపోతాయి. వాల్వు రేడియోలతో పని నేర్చుకున్నోణ్ణి, ఇప్పుడు గిటార్ యాంప్లిఫయర్లు కూడా చూస్తాను. సద్దును సరిగ్గా చెప్పినోళ్ల పెట్టె సగం బాగైనట్టే లెక్క.

హోరు: వాన దూరం నుంచి వచ్చేటప్పటి సద్దు. కొద్దిగా ఉంటే మామూలే. బాగా పెరిగితే మొదటి వాల్వును, అంటే 12ఎఎక్స్7ను (ఇసిసి83 అన్నా అదే) మార్చి చూస్తాము. తగ్గకపోతే దాని ప్లేటు రెసిస్టరు, అంటే వాల్వులోపలి ప్లేటనే రేకుకు కరెంటు అందించేది.

చిటపట, గరగర: ఈ రెండిటినీ కలపొద్దు. వాల్యూమ్ బిరడా తిప్పినప్పుడే గరగరమంటే లోపల దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది. ఏదీ ముట్టుకోకుండానే చిటపటమంటుంటే వాల్వు సాకెట్టు పిన్నులు, వదులైన టంకం, లేదా పాత ప్లేటు రెసిస్టరు.

ఖంగు: వాల్వు గాజు మీద పెన్సిల్ కట్టెతో మెల్లగా కొట్టండి. స్పీకర్లో ఖంగుమని మోగి ఆ మోత సాగితే, ఆ వాల్వులోపలి రేకులు వదులైనాయి. దీన్ని మైక్రోఫోనిక్ అంటారు. నాకైతే "ఖంగు వాల్వు" అనడమే బాగుంటుంది.

డుగుడుగు: చేను కాడ ఆయిలింజను నడిచినట్టు వస్తుంది. కరెంటును చదును చేసే కెపాసిటర్లు ఎండిపోయి, ఒక వాల్వు కరెంటు ఇంకోదాని మీద పడి మొత్తం ఊగిపోతుంది.

గుయ్యి, జుయ్యి: ఎక్కువ మంది తెచ్చే జబ్బు ఇదే, తప్పు దారి పట్టించేదీ ఇదే. మన కరెంటు 50 హెర్ట్జ్. వాల్వును వేడిచేసే హీటరు వైర్ల నుంచో, ఎర్తు నుంచో, తీగల కదలికను పట్టే గిటార్ పికప్ నుంచో వచ్చేది ఆ 50 హెర్ట్జే, నున్నగా గుయ్యిమంటుంది. ఏసీని డీసీగా మార్చినాక మిగిలే అలలు 100 హెర్ట్జ్, వాటిని ఫిల్టరు కెపాసిటర్లు చదును చేయాల. అవి చెడితే గరుకుగా జుయ్యిమంటుంది. చెవితో తేల్చుకోవాలంటే గిటార్ లావు తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కి మీటండి. అది 98 హెర్ట్జ్. యాంప్లిఫయర్ సద్దు ఆ స్వరానికి దగ్గరగా ఉంటే జుయ్యి, ఒక స్థాయి కిందుంటే గుయ్యి.

గిటార్ వైరు పీకేసి, వాల్యూమ్ సున్నాకు తెచ్చి వినండి. సద్దు పోతే జబ్బు వాల్యూమ్‌కు ముందర, పోకపోతే తర్వాత. ఒకవేళ పెద్ద వాల్వులోపలి బూడిద రంగు ప్లేటు ఎర్రగా కాలుతుంటే ఇంకేమీ వినొద్దు, వెంటనే ఆపేయండి. నడుమ హీటరు నారింజగా వెలగడం, గాజు మీద నీలి వెలుగు రావడం మామూలు. ప్లేటు ఎర్రబడితే మాత్రం బయాస్ (వాల్వులో కరెంటును అదుపులో పెట్టే వోల్టేజి) పోయింది, లేదా కప్లింగ్ కెపాసిటరు (ఒక వాల్వు నుంచి ఇంకోదానికి సిగ్నలును మాత్రమే పోనిచ్చేది) లీకవుతాంది.

కర్నూలు నుంచి:

అన్నా, చూసినాను. వైరు పీకి, వాల్యూమ్ సున్నా పెట్టినా పోలేదు. మూడో ఫ్రెట్‌తో దాదాపు కలిసిపోయింది. ప్లేట్లు ఎర్రబడలేదు. జుయ్యే.

అనంతపురం నుంచి:

అయితే మొదట ఫిల్టరు కెపాసిటర్లే చూడాల. మన ఎండలకు అవి తొందరగా ఎండుతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని మా పనిలో లెక్క. పెట్టె మాత్రం నువ్వు విప్పొద్దు తమ్ముడూ. ప్లగ్ పీకినాక కూడా అందులో 300 వోల్టులకు పైన నిలిచి ఉండొచ్చు, మనిషిని చంపడానికి చాలు. పని తెలిసినోళ్లు రెసిస్టరుతో దాన్ని దించి, మీటరు పెట్టి చూసి, అప్పుడు చెయ్యి పెడతారు. స్పీకరు వైరు పీకి స్విచ్చు వేయడం కూడా చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. రిపేరు ఆయనకు "వాల్యూమ్ సున్నాలో కూడా జుయ్యిమంటాంది, 100 హెర్ట్జ్" అని చెప్పు. ఆయన కెపాసిటర్లు చేత పట్టుకునే వస్తాడు.

కడప నుంచి:

మా ఇంట్లో ఈగలు జుయ్యిమంటాయి, చెవి గుయ్యిమంటుంది. ఈ జంట అన్ని ఊళ్లలో ఇట్లే ఉందా? ఆదోని, కదిరి, ప్రొద్దుటూరు వైపు వాళ్లు మీరేమంటారో రాయండి.