రబ్బరు–నైలాన్ లామినేట్: రెండు పాత పత్రాలు కలిపితే ఆబ్వియస్ అయిపోతుందా?

ప్రశ్న:
అమెరికా పేటెంట్ అప్లికేషన్, సెక్షన్ 103 కింద (పాతవాటి నుంచి ఈ రంగం తెలిసినవాళ్లకు తేలిగ్గా తట్టేదే, అంటే ఆబ్వియస్ అని) రిజెక్షన్ వచ్చింది. క్లెయిమ్ (మేం హక్కు కోరుతున్నది) ఇది: నైలాన్-12 పొర మీద ఎన్‌బీఆర్ (నైట్రైల్) రబ్బరు పొర, మధ్యలో జిగురు లేదు, రబ్బరు 100 పాళ్లకు 0.5–3 పాళ్ల డీబీయూ (ఒక ఆర్గానిక్ బేస్) సాల్ట్. ఎగ్జామినర్ చూపిన మొదటి పాత పత్రంలో ఇవే పొరలు, జిగురుతో. రెండోదాంట్లో అదే సాల్ట్ 1–5 పాళ్లు, కానీ రబ్బరును వీడీఎఫ్ (వినైలిడీన్ ఫ్లోరైడ్) ఉన్న ఫ్లోరోప్లాస్టిక్‌కి అతికించడానికి. జిగురు ఖర్చు తప్పించుకోవడానికి ఎవరైనా ఈ రెండూ కలుపుతారని ఎగ్జామినర్ అంటున్నారు. ఎక్కడ పట్టుకోవాలి?

జవాబు 1:
సాల్ట్ ఎందుకు పనిచేస్తోందో అక్కడ పట్టుకోండి. డీబీయూ బలమైన బేస్. వీడీఎఫ్ గొలుసులోంచి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను లాగేస్తే డబుల్ బాండ్లు ఏర్పడతాయి, అతుకుకి దారి అక్కడ దొరుకుతుంది. నైలాన్-12లో ఫ్లోరిన్ లేనే లేదు. మరి అక్కడ కూడా అతుక్కుంటుందని ముందే ఎలా ఆశిస్తారు? అయితే ఇది లాయర్ వాదనగా రాస్తే విలువ ఉండదు, రూల్ 132 డిక్లరేషన్‌లో (పేటెంట్ ఆఫీసుకు సాక్ష్యంగా ఇచ్చే వాంగ్మూలంలో) కెమిస్ట్ చెప్పాలి. అంతకుముందు రెండో పత్రం మొత్తం చదవండి. పనికొచ్చే ప్లాస్టిక్‌ల జాబితాలో ఓ మూల "పాలిఅమైడ్" (నైలాన్ల కుటుంబం పేరు) అని ఉందంటే ఈ వాదన చాలా బలహీనపడుతుంది.

ఇంకోటి: నైలాన్ కరిగిపోతుందని మాత్రం వాదించకండి. అది సుమారు 178 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మామూలు వల్కనైజేషన్ (రబ్బరును వేడితో గట్టిపరచడం) 150–160లో అయిపోతుంది.

జవాబు 2:
పై మాట సరైనదే కానీ, కలపడానికి కారణం లేదన్న వాదన మీద ఆశ పెట్టుకోకండి. 2007లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన కేఎస్ఆర్ తీర్పు తర్వాత ఖర్చు తగ్గించడం లాంటి కారణం కూడా సరిపోతుంది, అది మీ ఉద్దేశంతో కలవాల్సిన పని లేదు. 0.5–3, 1–5 ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కాబట్టి పరిధి మొదటి చూపుకే ఆబ్వియస్. దాన్ని తిప్పికొట్టాలంటే ఊహించని ఫలితం చూపాలి: 0.5, 3 చివర్లలోనూ, బయట 0.3, 4 దగ్గరా. ఒక్క గ్రేడ్ ఎన్‌బీఆర్‌తో చేసిన డేటా, క్లెయిమ్‌లోని ఎన్‌బీఆర్ అంతటికీ సరిపోదంటారు.

పీల్ టెస్ట్‌లో (పొరలను లాగి ఊడదీసే పరీక్షలో) ఊడిన చోటు తప్పక రాయండి. రబ్బరే చిరిగితే వచ్చిన అంకె రబ్బరు బలానిది. అతుకు అంతకన్నా గట్టిదని తెలుస్తుంది, ఎంతన్నది తెలియదు. అలాంటి రెండు అంకెలు పోల్చి మెరుగుదల అంటే నిలవదు.

ప్రశ్న అడిగినవారు:
1, 3 పాళ్ల దగ్గర రబ్బరే చిరిగింది. 0.5 దగ్గర పొరలు శుభ్రంగా విడిపోయాయి.

జవాబు 2:
అయితే ఆ చివర మీ డేటా మీకే ఎదురు. అది దాచి డిక్లరేషన్ వేయొద్దు, తర్వాత పేటెంట్‌కే ముప్పు. 1–3కి కుదించవచ్చు, కానీ అప్పుడు పూర్తిగా పాత పరిధి లోపలే పడతారు. ఇక భారమంతా నైలాన్ కెమిస్ట్రీ మీదే. 1 పాలు అన్న అంకె స్పెసిఫికేషన్‌లో (అప్లికేషన్‌తో మొదట ఇచ్చిన వివరణలో) ఉందో లేదో ముందు చూడండి.