యాక్సిడెంట్‌కు కూడా స్తోత్రం చెప్పాలా?

తార్నాక తమ్ముడు:
అందరికీ వందనాలు. పోయిన ఆదివారం మా సంఘంలో జరిగింది ఇంకా మింగుడు పడటం లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

సాక్ష్యాల సమయంలో ఒక అంకుల్ లేచారు. రెండు నెలల కిందట ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు బోల్తా పడింది. లోపల నలుగురు కుర్రాళ్లు, అందరూ మా యూత్ వాళ్లే. ఈయన కొడుక్కి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. "నా బిడ్డను ప్రభువు కనుపాపలా కాపాడాడు" అని చెప్పి కృతజ్ఞత కవరు కానుకల సంచిలో వేశారు. అందరం చప్పట్లు కొట్టాం, నేను కూడా. అప్పుడు చూశాను. ఆడవాళ్ల వైపు మూడో వరసలో, అదే కారులో చనిపోయిన అబ్బాయి వాళ్లమ్మ. ఆమె కూడా చప్పట్లు కొడుతోంది. చేతులు కలుస్తున్నాయి గానీ చప్పుడు రావడం లేదు.

ఆరాధన అయ్యాక ఒక సంఘ పెద్ద ఆమె దగ్గరికి వచ్చి, "ప్రతిదానికీ స్తోత్రం చెప్పాలమ్మా, వాక్యమే కదా. బాబు పోయినందుకు కూడా చెప్పు, మనసు తేలికవుతుంది" అన్నారు. ఆమె "స్తోత్రం అండీ" అని మెల్లగా అని, గేటు దగ్గర ఆటో ఎక్కేసింది.

వాక్యం నిజంగా అలా ఉందా? 1 థెస్సలొనీకయులకు 5:18లో ఉన్నది "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని. "నందు" అంటే ఆ కష్టంలో ఉండి కూడా అని కదా. ఆ కష్టం వచ్చినందుకు అని కాదు.

బోయినపల్లి అమ్మమ్మ:
విభక్తి పట్టుకుని వాక్యాన్ని లాగకు బాబూ. ఎఫెసీయులకు 5:20 చదివావా? అక్కడ అదే పౌలు "సమస్తమునుగూర్చి" అన్నాడు. ఇప్పుడేమంటావు? యోబుకు పదిమంది పిల్లలు ఒక్కరోజే పోతే "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అని నేల మీద సాగిలపడి స్తుతించాడు. మా ఆయన పోయి పదకొండేళ్లు. ఆ మొదటి రాత్రి నేను స్తోత్రం చెప్పాను. ఎందుకు చెబుతున్నానో నాకే తెలియదు. చెప్పకపోతే ఆ రాత్రి తెల్లవారేది కాదు. ఆ పెద్దాయన ఏదో పాపం చేసినట్టు రాయకండి.

కోయిర్ టెనర్:
మా దగ్గర కోతపండుగ వేలంలో ఒక గుమ్మడికాయను మూడువేలకు పాడారు. అదీ కృతజ్ఞతేనట! పాడినాయన పేరు మైకులో నాలుగుసార్లు చదివారు.

తార్నాక తమ్ముడు:
బ్రదర్, గుమ్మడికాయకు వేరే టాపిక్ పెట్టండి, అక్కడికి తప్పకుండా వస్తాను.

అమ్మగారూ, ఎఫెసీ మాట ఒప్పుకుంటాను. నా "నందు" ఒక్కదానితో పని జరగదు. కానీ మీ స్తోత్రం మీ నోట వచ్చింది, ఎవరో పక్కన నిలబడి పలికించింది కాదు. యోబు కూడా మొదటి అధ్యాయంలో స్తుతించాడు, మూడో అధ్యాయానికి వచ్చేసరికి పుట్టిన రోజునే శపించాడు. సాక్ష్యాల్లో మొదటి అధ్యాయం వింటాం, మూడోది ఎవరూ ఎత్తరు.

ప్రభువు సంగతే చూడండి. స్నేహితుడు లాజరు చనిపోతే, సమాధి దగ్గరికి వెళ్లేముందు యోహాను 11:35లో కన్నీళ్లు విడిచాడు. కృతజ్ఞతాస్తుతులు 41వ వచనంలో, అదీ "నీవు నా మనవి వినినందున" అని. లాజరు చచ్చినందుకు అనలేదు. అప్పగింపబడిన రాత్రి రొట్టె పట్టుకుని స్తుతులు చెల్లించాడు. అదే రాత్రి గెత్సేమనే తోటలో, రాబోయే శ్రమను గిన్నెతో పోల్చి, "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అన్నాడు. "నీ చిత్తప్రకారమే కానిమ్ము" అని కూడా అన్నాడు, నిజమే. అది లోబడటం. గిన్నె ఇచ్చినందుకు థ్యాంక్స్ చెప్పడం కాదు కదా.

నైట్ డ్యూటీ నర్సు:
అందరూ పెద్దాయన మీద పడ్డారు గానీ, నాకు ఆ తండ్రి గురించి చెప్పాలనిపిస్తోంది. మా ఐసీయూ బయట రోజూ ఇదే చూస్తాను. ఒకరు డిశ్చార్జి అయి స్వీట్ బాక్సు తెస్తారు, పక్క బెంచీ మీద ఇంకొకరు సంతకం పెట్టాల్సిన కాగితం పట్టుకుని కూర్చుంటారు. స్వీట్ తెచ్చినవాళ్లది తప్పా? పదిమంది కుష్ఠురోగులు బాగైతే ఒక్కడే తిరిగొచ్చాడు, "ఆ తొమ్మండుగురు ఎక్కడ" అని ప్రభువే అడిగాడు. కొడుకు బతికితే ఆ తండ్రి నోరు మూసుకోలేడు. మూసుకోకూడదు కూడా. కాకపోతే చనిపోయిన బాబు పేరు కూడా ఎత్తి, వాళ్లమ్మ కోసం ప్రార్థించండని ఒక్క మాట కలిపితే సరిపోయేది. అర నిమిషం పని.

అఫ్జల్‌గంజ్ పాతకాపు:
సిస్టర్ మాటకు ఒకటి చేరుస్తాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది పోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఇప్పటికీ ఏటా ఆ రోజున దాని కింద జనం చేరి గుర్తు చేసుకుంటారు. ఆ కొమ్మల మీద ఉన్నవాళ్లు, ఏ మతంవాళ్లయినా, తమ దేవుడికి దండం పెట్టుకునే ఉంటారు. కానీ కింద కొట్టుకుపోతున్నవాళ్లకు వినబడేలా "దేవుడు నన్ను చూసుకున్నాడు" అని ఎవరైనా అరిచి ఉంటారా? చెట్టు మీద నుంచి చెయ్యి కిందికి చాపి ఉంటారు, అందితే.

కోయిర్ టెనర్:
ఇందాకటి జోకుకు సారీ. విషయం పూర్తిగా చదవకుండా రాశాను.

బోయినపల్లి అమ్మమ్మ:
నర్సమ్మా, నువ్వు చెప్పింది బాగుంది. తమ్ముడూ, ఎఫెసీ 5:20 మీద నా మాట మాత్రం వెనక్కి తీసుకోను. నీ 35, 41 వచనాలు మా స్త్రీల కూడికలో పెడతాను, ఏమంటారో చూద్దాం. అయితే యోబు స్నేహితులు నోరు తెరవకముందు ఏడు రోజులు అతనితో నేల మీద ఊరికే కూర్చున్నారు. అంతవరకు మంచి పనే చేశారు. కొడుకు పోయిన ఆ పిల్ల ఇల్లు తార్నాకలో ఎక్కడ? బస్సు దిగి నడవగలిగే దూరమేనా? నాకు మోకాళ్లు నొప్పి.