టో రేటింగ్ (లాగే సామర్థ్యం) ఉన్నా ట్రైలర్ ఎందుకు ఊగుతోంది?

ప్రశ్న:
నా పికప్ 4,000 కిలోలు లాగుతుందని మాన్యువల్లో ఉంది. వెనక తగిలించిన ట్రావెల్ ట్రైలర్ (చక్రాల మీది చిన్న ఇల్లు) సామానుతో కలిపి 2,700 కిలోలే. అయినా నిన్న హైవే మీద పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగిపోయింది. బ్రేక్ తొక్కితే ఇంకా ఎక్కువైంది. మా ఆవిడ ఇక రానంటోంది. తప్పెక్కడ?

జవాబు:
సామాను ఎలా సర్దారు? హిచ్ బాల్ (ట్రైలర్‌ను తగిలించే, పికప్ వెనకున్న గుండు) మీద ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం పడాలి, అంటే మీకు 270 నుంచి 405 కిలోలు. ట్రైలర్ వెనక బరువు పెడితే ఇది తగ్గిపోయి ఊగుతుంది. నేనూ ఓసారి సైకిళ్లు, జనరేటర్ వెనక బంపర్‌కి కట్టి ఇలాగే హడలిపోయాను. అవి తీసి ముందుకు మార్చాక ఊగడం తగ్గింది.

ప్రశ్న అడిగినవారు:
అయ్యో, మావీ రెండు సైకిళ్లు వెనకే ఉన్నాయండి!

ఇంకో జవాబు:
దొరికిందిగా దొంగ! డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేమ్ మీద పేలోడ్ (పికప్ తన మీద మోయగల బరువు) స్టిక్కర్ కూడా ఉంటుంది, చూడండి. హిచ్ బరువు, మనుషులు, పికప్‌లో వేసిన సామాను అన్నీ అందులోకే వస్తాయి. చాలా పికప్‌లకు టో రేటింగ్ కంటే ముందు అదే నిండిపోతుంది. ఒకసారి వేబ్రిడ్జి ఎక్కించండి. ఈసారి ఊగితే పికప్ బ్రేక్ జోలికి పోకండి. స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, డ్రైవర్ దగ్గర ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఉంటే చేత్తో ట్రైలర్ బ్రేక్ మాత్రం మెల్లగా వేయండి.