ఆఫ్రికాకు భారత్ ఇచ్చే అప్పులు: 75 శాతం షరతు ఎవరి మేలుకు?

తుంగభద్ర:
ఎగుమతులు, దిగుమతులకు అప్పులిచ్చే మన ప్రభుత్వ బ్యాంకు ఎగ్జిమ్ బ్యాంకు, లైన్ ఆఫ్ క్రెడిట్ (ఒప్పుకున్న పరిమితి దాకా వాడుకునే అప్పు) పేరుతో ఆఫ్రికా ప్రభుత్వాలకు మంజూరు చేసిన అప్పులు 1,200 కోట్ల డాలర్లు దాటాయి. 2015లో ఢిల్లీలో జరిగిన భారత్-ఆఫ్రికా సదస్సులోనే ఐదేళ్లకు 1,000 కోట్ల డాలర్లు ప్రకటించారు. 2018లో ఉగాండా పార్లమెంటులో మోదీ మాట్లాడుతూ ఈ భాగస్వామ్యం ఆఫ్రికా ప్రాధాన్యాల ప్రకారమే నడుస్తుందన్నారు. బాగుంది. కానీ రూలు చూడండి: కాంట్రాక్టు విలువలో 75 శాతం సరుకు, సేవలు భారత్ నుంచే కొనాలి. సివిల్ పనులైతే ఇంకో పది శాతం సడలింపు ఇవ్వొచ్చు, అంతే. డబ్బు ఘనా రాజధాని అక్రాకో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాకో వెళ్లదు. పని చేసిన భారత కంపెనీ బిల్లు పెడితే ఇక్కడే ముడుతుంది, అప్పు మాత్రం ఆ దేశం పద్దులో డాలర్లలో పడుతుంది. నా లెక్కలో ఇది ఎగుమతి ప్రోత్సాహకం. భాగస్వామ్యం అని పేరు పెట్టుకున్నాం.

లెక్కలపద్దు:
తుంగభద్ర గారూ, సగమే చెప్పారు. వడ్డీ సంగతి వదిలేశారు. 2015 డిసెంబర్ మార్గదర్శకాల ప్రకారం రాయితీ అప్పులే తీసుకోవాలని ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) షరతు పెట్టిన పేద దేశాలకు 1.5 శాతం స్థిర వడ్డీ, 25 ఏళ్ల గడువు, అందులో మొదటి ఐదేళ్లు అసలు కట్టక్కర్లేదు. 10 కోట్ల డాలర్ల అప్పు పూర్తిగా వాడుకుంటే ఏడాదికి 15 లక్షలు వడ్డీ, ఆరో ఏడు నుంచి ఏటా 50 లక్షలు అసలు. ఇందులో దానంతో సమానమైన భాగం (చవక వడ్డీ, పొడవు గడువు వల్ల మిగిలేది) 37 శాతం పైచిలుకు, ఐఎంఎఫ్ అడిగేది 35. మార్కెట్లో ఈ రేటుకు ఎవరిస్తారండి? పైగా ఆ వడ్డీ తేడా భరించేది మన ఖజానా. మన పన్నుల డబ్బుతో రాయితీ ఇచ్చి, పని మనవాళ్లకు రావాలనడంలో తప్పేముంది?

తుంగభద్ర:
పని రావాలనడం తప్పు కాదు, మోతాదు తప్పు. చైనా రాయితీ రుణాల్లో అడిగేది 50 శాతం. జపాన్ తన సరుకు కొనాలనే షరతుతో ఇచ్చే స్టెప్ అనే రుణ పథకంలో అడిగేది 30. మనది 75. రోడ్డో కాలువో అయితే కంకర, ఇసుక, కూలీ ఖర్చంతా అక్కడిదే. మిగతాది లాగి, సడలింపు పోను మిగిలే 65కి తేవాలంటే అక్కడ దొరికే సిమెంటు, స్టీలు కూడా ఇక్కణ్నుంచి ఓడ ఎక్కించాలి. అలాంటప్పుడు ధర పెరగదా?

కార్శితోట:
మీరిద్దరూ శాతాల దగ్గరే ఆగిపోయారు. అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో ఇథియోపియాలో టెండాహో చూడండి. 2007లో ఫించా, వొంజి-షోవా, టెండాహో చక్కెర ప్రాజెక్టుల కోసం భారత్ 64 కోట్ల డాలర్ల రుణం ఒప్పుకుంది. టెండాహోది అఫార్ ఎడారి ప్రాంతం. అవాష్ నది మీద డ్యామ్, కాలువలు, చెరకు తోట, మిల్లు అన్నీ కొత్తవే. మిల్లు మొదటి దశే రోజుకు 13,000 టన్నుల చెరకు ఆడేది. మన దగ్గర రోజుకు 2,500 టన్నులాడే ఫ్యాక్టరీని చూసినవాళ్లకి అదెంత పెద్దదో తెలుస్తుంది.

ఇప్పుడు చెరకు సంగతి. మొక్క తోట ఏడాది నుంచి ఏడాదిన్నరలో పక్వానికొస్తుంది. నరికాక 24 గంటల్లో మిల్లుకి పడకపోతే పంచదార విరిగిపోయి రికవరీ (చెరకులోంచి దక్కే పంచదార శాతం) పడిపోతుంది. నరక్కుండా తోటలోనే వదిలేస్తే ముదిరి బెండు పడుతుంది, పూత పూస్తుంది, కార్శి (నరికిన మోళ్ల నుంచి వచ్చే తర్వాతి పంట) కూడా సరిగా రాదు. అంటే తోట నాటిన తేదీ, మిల్లు తిరిగే తేదీ నెలల తేడాతో కలవాలి. టెండాహోలో ఏళ్ల తేడా వచ్చింది. మిల్లు సిద్ధం కాక ఎదిగిన చెరకుని కొట్టి పారేయాల్సి వచ్చింది. డ్యామ్, కాలువలు, తోట ఇథియోపియా బాధ్యత. మిల్లు మన రుణం బాధ్యత. రెంటినీ కట్టి ఉంచే తాడు ఒప్పందంలో లేదు. 75 శాతాన్ని 30 చేసినా ఈ జబ్బు పోదు.

పట్టాలబండి:
ఘనాలో తేమా-మ్పకదాన్ రైలు మార్గం కూడా ఇదే బాపతు. తేమా రేవు నుంచి వోల్టా సరస్సు దాకా 97 కిలోమీటర్లు, భారత రుణంతో కట్టింది మన కంపెనీ అఫ్కాన్స్, 2024 నవంబర్‌లో ప్రారంభం. ఆలోచన మంచిదే: కంటైనర్లు రైల్లో సరస్సు దాకా, అక్కణ్నుంచి పడవలో ఉత్తరాన బుయిపే దాకా. రైలు బండ్లు పోలండ్ నుంచి వేరే ఒప్పందం కింద కొన్నారు. 2024 ఏప్రిల్‌లో ట్రయల్ రన్‌లోనే పట్టాల మీద వదిలేసిన లారీని గుద్దింది. గేట్లు, కంచె, గూడ్సు వ్యాగన్లు, సరస్సు ఒడ్డున క్రేన్లు ఇవన్నీ కలిస్తేనే రవాణా. పట్టాలొకటే ఉంటే రిబ్బన్ కత్తిరించడానికి పనికొస్తాయి.

లెక్కలపద్దు:
ఒప్పుకుంటా. కానీ విజయాలు కూడా చెప్పాలి కదా. టాంజానియాలో దార్ ఎస్ సలామ్‌కి నీళ్లిచ్చే అప్పర్ రువు ప్లాంటు మన రుణంతో రోజుకు 8.2 కోట్ల లీటర్ల నుంచి 19.6 కోట్లకు పెరిగింది.

తుంగభద్ర:
అది ఉన్న ప్లాంటుని పెంచడం. నది ఉంది, నీళ్లకి ఎదురుచూసే ఊరు ఉంది. కార్శితోట గారు చెప్పిన తాడు అక్కడ అవసరం పడలేదు. ఇంకో మాట, ఘనా 2022 డిసెంబర్‌లో విదేశీ అప్పుల్లో చాలావాటికి చెల్లింపులు ఆపేసింది. ఆదాయం వాళ్ల కరెన్సీ సెడీల్లో, అప్పు డాలర్లలో. 1.5 శాతమైనా సరే, సెడీ పడిపోతే వడ్డీ చవక అన్న మాటకి అర్థం లేదు. సరే, శాతం అసలు జబ్బు కాదంటున్నారు కార్శితోట గారూ, మరి మందేమిటి?

కార్శితోట:
రుణం డబ్బు విడుదలయ్యే క్రమం మార్చాలి. డ్యామ్ గేట్లు దిగాయి, ప్రధాన కాలువలో నీళ్లు పారాయి అని స్వతంత్ర ఇంజినీరు సంతకం పెట్టాకే మిల్లు సామాను ఓడ ఎక్కాలి. తోట నాటడం మిల్లు బాయిలర్ హైడ్రాలిక్ పరీక్ష (నీటి ఒత్తిడి పరీక్ష) పాసయ్యాకే. ఇప్పుడు సరుకు ఎగుమతి కాగితాలు చూపిస్తే బిల్లు పాసవుతుంది. సివిల్ పని అవకముందే దిగిన బాయిలర్ ట్యూబులు ఎండలో, దుమ్ములో తుప్పు పడుతుంటాయి. ఆలోపు కంపెనీ డబ్బు కంపెనీకి చేరిపోతుంది, వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంటుంది.