అప్‌డేట్: ఎండల నుంచి తప్పించుకోవడానికి మేము చివరికి ఉమామహేశ్వరం వెళ్లాము

మహబూబ్‌నగర్ నుంచి తక్కువ ఖర్చులో, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను, ఇద్దరు పిల్లలను తీసుకొని ఎండ తప్పించుకోవడానికి ఎక్కడికి వెళ్లవచ్చని గత నెలలో అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఎక్కువ మంది మల్లెల తీర్థం జలపాతం చెప్పారు. కానీ వేసవిలో అక్కడ ధార బాగా సన్నబడుతుంది, పైగా వందల మెట్లు దిగి ఎక్కాలి కాబట్టి వదిలేశాము. జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా ఆర్టీసీ బస్సులో అచ్చంపేట చేరి, అక్కడి నుంచి ఆటోలో రంగాపూర్ దగ్గరి ఉమామహేశ్వరం కొండకు వెళ్లాము. అక్కడి శివుడి గుడి పెద్ద కొండచరియ కిందే ఉండడం వల్ల రోజులో చాలాసేపు నీడ ఉంటుంది, రాతి సందుల్లోంచి నీరు బొట్లుబొట్లుగా కారుతూ ఉంటుంది. ఆ చల్లటి బండకు ఆనుకొని అమ్మ మధ్యాహ్నమంతా హాయిగా కూర్చోవడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

అయితే ఇది ఊటీ వంటి చల్లదనం కాదు. చుట్టూ ఉన్న నల్లమల ఆకురాల్చే అడవి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో దారి పొడవునా చెట్లు మోడువారి ఉంటాయి, నీడ గుడి దగ్గరే దొరుకుతుంది. ఎండుటాకులకు నిప్పు సులభంగా అంటుకుంటుంది కాబట్టి దయచేసి అక్కడ వంట పొయ్యి పెట్టకండి; మేము పులిహోర, మజ్జిగ ఇంటి నుంచే తీసుకెళ్లాము. మన్ననూర్ దాటి శ్రీశైలం వైపు వెళ్లేవారు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి దారి మూసి ఉంటుందని గుర్తుంచుకోవాలి.