"యథా రాజా తథా ప్రజా": అమెరికాకు అతుకుతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ట్రంప్ మాట వస్తే చాలు, ఎవరో ఒకరు "యథా రాజా తథా ప్రజా" అనేస్తున్నారు. వెంటనే ఇంకొకరు "అది రాజుల కాలం నాటి మాట, ప్రజాస్వామ్యంలో తిరగేసి యథా ప్రజా తథా రాజా అనాలి" అని దిద్దుతున్నారు. అసలు శ్లోకం ఏమిటి? తిరగేసి వాడటం సబబేనా? ప్రజా, ప్రజాః వీటిలో ఏది రాయాలి?

జవాబు:
చాణక్యనీతిలో ఉందండీ.

రాజ్ఞి ధర్మిణి ధర్మిష్ఠాః పాపే పాపాః సమే సమాః
రాజానమనువర్తంతే యథా రాజా తథా ప్రజాః

రాజు ధర్మాత్ముడైతే జనం ధర్మాత్ములు, పాపి అయితే పాపులు, మధ్యరకమైతే వాళ్ళూ అంతే. ఇందులో బరువంతా "అనువర్తంతే" మీద ఉంది. రాజు నడిచిన దారిన జనం నడుస్తారన్నాడు. అంతేగానీ రాజు ముఖం చూసి జనం ఎలాంటివాళ్ళో తేల్చెయ్యమనలేదు. మనం మాత్రం ఎక్కువగా రెండో అర్థంలోనే వాడేస్తున్నాం.

లోకం కూడా అంత తొందరపడి తీర్పు చెప్పదు. ట్రంప్ మొదటిసారి గద్దెనెక్కిన 2017లో ప్యూ రీసెర్చ్ సంస్థ 37 దేశాల్లో సర్వే చేసింది. మధ్యస్థ లెక్కన చూస్తే ఆయన మీద నమ్మకం ఉందన్నవాళ్ళు 22 శాతం. ఒబామా చివరి రోజుల్లో అదే ప్రశ్నకు 64 శాతం. దేశం మీద మంచి అభిప్రాయం కూడా 64 నుంచి 49కి జారింది. అమెరికన్ జనం మీద మాత్రం 58 శాతం మందికి సదభిప్రాయమే. మసి రాజుకు బాగా అంటింది, దేశానికి కొంత అంటింది, జనానికి అంతకంటే తక్కువ.

ఇక తిరగేసిన రూపం. అక్కడ ప్రజకూ రాజుకూ మధ్య ఒక లెక్క ఉంది. జనం ఓట్లతో రాష్ట్రాలవారీగా ఎంపికై, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే 538 మంది ఎలక్టర్లలో 270 మంది ఎటుంటే గెలుపు అటు. 2000లో దేశం మొత్తం మీద అల్ గోర్‌కు 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా, మళ్ళీ లెక్కపెట్టడాన్ని ఆపేసిన సుప్రీంకోర్టు 5-4 తీర్పు కలిసి బుష్‌ను కూర్చోబెట్టాయి. ఆయనే 2003లో ఇరాక్ మీదికి సైన్యాన్ని పంపాడు, ఉన్నాయని చెప్పిన సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరకనే లేదు. చెడ్డపేరు మాత్రం ఆయనకు ఓటెయ్యని వాళ్ళకూ సమానంగా పంచారు! 2016లో హిల్లరీకి 28 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా ఓడిపోయారు. ఇలాంటి చోట "యథా ప్రజా తథా రాజా" ఎలా నప్పుతుంది?

2024లో మాత్రం నప్పుతుంది. ట్రంప్‌కు దేశవ్యాప్తంగా 49.8 శాతం ఓట్లు, ప్రత్యర్థి కమలా హారిస్ కంటే ఎక్కువే. అప్పుడు లెక్క మీద నెపం వెయ్యలేం.

ఇంకొకరు (వాషింగ్టన్ డీసీ నుంచి):
మాస్టారూ, అసలు "ప్రజ" కిందికి ఎవరొస్తారో కూడా చూడండి. ఇక్కడ సిగ్నల్ దగ్గర ఆగితే ముందు కారు నంబరు ప్లేటు మీదే ఫిర్యాదు కనిపిస్తుంది: "ప్రాతినిధ్యం లేని పన్ను". దాదాపు 7 లక్షల మంది పన్ను కడుతున్నా కాంగ్రెస్‌లో (అమెరికా పార్లమెంటులో) మా తరఫున ఓటెయ్యడానికి ఒక్కరూ లేరు. వీసా మీద ఉన్న మన తెలుగువాళ్ళకైతే ఏ ఓటూ లేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు అని ప్రకటన వచ్చేసరికి గ్రూపులన్నీ టెన్షన్‌తో నిండిపోయాయి. రాజును ఎంచుకున్నది మేము కాదు, దెబ్బ మాత్రం మాకు.

జవాబు:
బాగా చెప్పారు. "రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా" అన్నది ఇక్కడ ఇంకా బాగా పనికొస్తుంది. 2024 జూలై 1న అక్కడి సుప్రీంకోర్టు 6-3తో అధ్యక్షుడి అధికారిక చర్యలకు విచారణ నుంచి విస్తృత రక్షణ ఇచ్చింది. న్యాయమూర్తి సోనియా సోటోమయోర్ తన అసమ్మతి తీర్పులో, అధికారం వాడే ప్రతిచోటా అధ్యక్షుడు ఇప్పుడు చట్టానికి పైనున్న రాజే అని రాశారు. రాజును వద్దనుకుని పుట్టిన దేశంలో, పెద్ద కోర్టు తీర్పులోనే ఆ మాట!

"అనువర్తంతే"కు నాకు కనిపించే సరైన ఉదాహరణ మాత్రం అమెరికా బయట ఉంది. 2021 జనవరి 6న ఓటమిని ఒప్పుకోని ట్రంప్ మద్దతుదారులు కాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) మీద పడ్డారు. రెండేళ్ళకు, 2023 జనవరి 8న, బ్రెజిల్‌లో ఎన్నికలో ఓడిన మాజీ అధ్యక్షుడు బోల్సొనారో మద్దతుదారులు పార్లమెంటు, సుప్రీంకోర్టు, అధ్యక్ష భవనాల్లోకి చొరబడ్డారు. అదే వాదన: ఎన్నిక దొంగది. పెద్ద దేశపు నాయకుడి నడవడిని పక్క దేశాల జనం కూడా పట్టుకుంటారు. ఇంతకాలం ప్రపంచానికి ప్రజాస్వామ్య పాఠాలు చెప్పిన దేశం కదా, చెప్పింది కాకుండా చేసింది నేర్చుకున్నారు.

అందుకని ఆ దేశం గురించి మాట్లాడేటప్పుడు నేనైతే తిరగెయ్యను. శ్లోకం మొత్తం రాస్తే విసర్గతో "ప్రజాః" అని రాయండి, అది బహువచనం. తెలుగు వాక్యంలో నానుడిగా వాడితే "ప్రజా" చాలు. "యధా" అని మాత్రం రాయకండి, అక్కడ ఉండాల్సింది థ, ధ కాదు.