ఉగాది భోజనాలు, సోమాలియా విరాళాలు: ఎవరెవరు ఏం చూసుకుంటారు?

కార్యదర్శి: అందరికీ నమస్కారం. హాల్ బుక్ అయింది. ఈసారి భోజనాల దగ్గరే సోమాలియా కరువు బాధితులకు విరాళాలు వసూలు చేద్దాం. దసరాకి చూద్దామని కొందరన్నారు, నాకు నచ్చలేదు. అక్కడ 2020 చివరి నుంచి వరసగా ఐదు వానకాలాలు ఎగ్గొట్టాయి. అంతకుముందు 2011 జులైలో ఐక్యరాజ్యసమితి క్షామం ప్రకటించేసరికే జనం గుంపులు గుంపులుగా పోయారు. మొత్తం 2,60,000 మంది దాకా చనిపోయారు, సగం మంది ఐదేళ్లలోపు పిల్లలు. ప్రకటన వచ్చాక కదిలితే ఏం లాభం?

స్టేజీ టీమ్: ఇంటికో బియ్యం బస్తా, పాత బట్టలు పోగేసి కంటైనర్‌లో పంపిద్దామా?

కోశాధికారి: వద్దన్నా. బియ్యం అంత దూరం పంపాలంటే రవాణాకే బోలెడు ఖర్చవుతుంది. అక్కడ చాలాచోట్ల సంతలో గింజలుంటాయి, కొనడానికి చేతిలో డబ్బుండదు. మేకలూ ఒంటెలే వాళ్ల ఆస్తి, మేత లేక అవి పోతే చేతిలో ఏమీ మిగలదు. అందుకే సహాయ సంస్థలు ఫోన్‌కే డబ్బు వేస్తున్నాయి. ఇక పాత బట్టలంటే గ్యారేజీ ఖాళీ చేసుకోవడమే, ఏమనుకోకు.

ఇంకో మాట. టికెట్ డబ్బుకి గిఫ్ట్ ఎయిడ్ (విరాళాలకి ఇక్కడి బ్రిటన్ ప్రభుత్వం కలిపిచ్చే పన్ను సొమ్ము) రాదు, అది భోజనం ఖరీదు కిందకి పోతుంది. టికెట్ ఖర్చుల మేరకే పెట్టి, విరాళానికి వేరే కవర్లు ఇద్దాం. ఇక్కడ పన్ను కట్టేవాళ్లు కవరు మీద పేరు, ఇంటి అడ్రసు, పోస్ట్‌కోడ్ రాసి టిక్ పెడితే, పౌండుకి ఇంకో 25 పెన్స్ ప్రభుత్వం కలుపుతుంది. కవర్లు యునిసెఫ్ వాళ్లని అడుగుతాను.

వంటల జట్టు: పులిహోర, బొబ్బట్లు మావి. సరుకులకి దాతలు దొరికితే టికెట్ ఇంకా తగ్గించొచ్చు బాబూ.

పిల్లల కార్యక్రమాలు: ఆంటీ, మీ టేబుల్ పక్కన కాస్త చోటు కావాలి. కాగితంతో 11.5 సెంటీమీటర్ల చుట్టు చేసి పెడతాం. చిన్నపిల్లల జబ్బ చుట్టుకొలత అంతకంటే తగ్గితే తీవ్ర పోషకాహార లోపమని లెక్క. ఆ చుట్టులో మీ రెండు వేళ్లు పెట్టి చూడండి, ఎంత సన్నమో తెలుస్తుంది. అలాంటి పిల్లలకిచ్చే 92 గ్రాముల ప్యాకెట్లో ఉండేది వేరుశనగ ముద్దే: పాలపొడి, నూనె, చక్కెర కలిపి 500 క్యాలరీలు. నీళ్లు కలపక్కర్లేదు, మంచినీళ్లు లేనిచోట అదే పెద్ద సాయం. అనంతపురం వాళ్లెవరైనా పిల్లలకి ఇది చెప్తే బాగుంటుంది.

కార్యదర్శి: సరే, బియ్యం మాట వదిలేద్దాం. కార్డు మెషీన్ పోయిన దసరా తర్వాత ఎవరి దగ్గరుంది? ఆదివారంలోగా చెప్పండి.